ఖాళీ కుర్చీల ఆట

ప్రయూన్‌కి లాటరీ తగిలింది.
మొక్కు ప్రకారం ఊరి చివర తోపులో
కాపలా ఉండే పూతా పెద్దలకి మూడు రాత్రులు సినిమా.
ఏం సినిమా కావాలో పూనకంలో ముసలామె చెప్పింది:
దయ్యాలది. కానీ నవ్వించాలి.
ఏడుపు సినిమాలు పోయినేడు చాలా చూశారట.

మూన్ నదికి ఇవతల, కోత అయిపోయిన వరిచేలో
తొంగ్‌బై రెండు వెదురు గడలకి తెర కట్టాడు.
ముందు వరసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు పదకొండు,
కుర్చీకో అగరుబత్తి, గ్లాసుడు ఎర్ర సోడా.
ఆ వరసలో మనుషులు కూర్చోకూడదు.
మనుషులొస్తే కదా!
చలి. పక్క ఊళ్ళో బాక్సింగ్.
ఎండు స్క్విడ్ కాల్చి అమ్మే బున్‌మా కూడా
తొమ్మిదింటికే బండి సర్దేసింది.
అయినా ఆట ఆపకూడదు.
చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు, అదీ లెక్క.

నా పని గొంతు.
రీళ్ళలో మాట ఉండదు, మైకులో అందరూ నేనే:
హీరో, మంత్రగాడు, పోలీసు, బాతు.
సాంజిత్ పెళ్ళి చేసుకుని ఖోన్‌కెన్ వెళ్ళాక
ఆడగొంతులూ నావే, ఆడదయ్యాలవీ నావే.
ముప్పై ఏళ్ళుగా చస్తున్నాను,
రాత్రికి ఇద్దరు ముగ్గురి లెక్కన.

ఆ రాత్రి బొమ్మలో క్రసూ.
ఒంటిని ఇంట్లో వదిలేసి
తలా పేగులూ మాత్రం గాల్లో తేలుతూ వస్తుంది,
పచ్చగా మెరుస్తూ, బాలింత ఉన్న ఇంటి మీదికి.
గుడ్డలారేసిన తీగ చూసుకోదు.
పేగులు తీగకి చుట్టుకుంటాయి.
విప్పుకోవడానికి చేతుల్లేవు.
చేతులు ఇంట్లో ఉన్నాయి, ఒంటితో పాటు.
అక్కడ కథలో లేని మాటొకటి వేస్తాను:
"అమ్మాయ్, కాస్త ఆ క్లిప్పు తీసిపెడతావూ?"

కొత్త కుర్రాళ్ళు అడుగుతుంటారు,
భయపెట్టడం కష్టమా నవ్వించడం కష్టమా అని.
ఊపిరి ఒకటే, నాయనా.
పీల్చేటప్పుడు దాని పేరు భయం.
పీల్చింది ఎక్కడో వదలాలి కదా.
కానీ తీగ దాకా క్రసూ నిజంగా ఆకలితో రావాలి.
వెటకారంగా వచ్చిందో, ఎవరికీ పట్టదు.
తను సినిమాలో ఉన్నట్టు దయ్యానికి తెలియకూడదు.
మంత్రగాడికి వణుకు పుట్టాలి,
ఆ వణుక్కి మంత్రం తప్పాలి,
తప్పిన మంత్రానికి బాతు గుడ్డు పెట్టాలి.

నాకా, చిన్నప్పట్నుంచీ దయ్యాలంటే చచ్చేంత భయం.
అందుకే ఈ పనిలోకొచ్చాను.
వాటి నోట్లో నా మాట ఉన్నంతసేపు
నన్నేం చేస్తాయిలే అని.

క్లిప్పు మాట అన్నాను.
జనరేటరు గురక. అంతే.
తరవాతి సీను మొదలైంది, మంత్రగాడు పంచె ఎగ్గట్టాడు.
అప్పుడు నవ్వారెవరో, ముందు వరసలో.
ఒక్కరే. ఆలస్యంగా.
పక్కవాడు విడమరిచి చెబితే అర్థమైనట్టు.
మైకులో మంత్రగాడు మూగబోయాడు.
తొంగ్‌బై నావైపు చూశాడు, నేను తొంగ్‌బై వైపు చూశాను,
ఇద్దరం బాతు వైపు చూశాం.

తెల్లారి కుర్చీలు పేరుస్తుంటే
పదీ మంచుకి తడిసి ఉన్నాయి.
పదకొండోది పొడి.
చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది.
కాళ్ళు నావి కాకుండా పోయాయి.
అప్పుడు దాని వెనకనించి
గుడి కుంటికుక్క ఒళ్ళు విరుచుకుంటూ వచ్చింది,
మూతికంతా ఎర్ర సోడా.
తొంగ్‌బై మళ్ళో కూలబడి నవ్వాడు,
నేను తెర గడ పట్టుకుని నవ్వాను,
కళ్ళనీళ్ళు తుడుచుకుని టీ కాచుకున్నాం.
రెండో గుక్క దగ్గర వాడన్నాడు:
"కుక్క సోడా తాగింది, సరే.
నవ్విందెవరు?"

రెండో రాత్రికి వేరే బొమ్మ.
తొంగ్‌బై పన్నెండో కుర్చీ కూడా వేశాడు, కుక్కకి.
నేను ప్రతి హాస్యం తరవాతా
ఓ ఊపిరంత చోటు ఖాళీగా వదిలాను.
పెద్దవాళ్ళు కదా,
నెమ్మదిగా అందుతుంది.