ఉత్త చాసీ

సార్ బోర్డు మీద 'వారసత్వం' అని రాశాడు.
'ఎన్నెకరాలు సార్?' అన్నాడు
వెనక బెంచీలోంచి వినుకొండ కుర్రాడు.
నవ్వులు ఆగాక సార్
జంతువులోంచి కుక్కని పుట్టించాడు,
దాని చేత మొరిగించాడు,
అదే ఊపులో పిల్లిని కూడా పుట్టించాడు.
నా బుర్రలో మాత్రం ఏమీ పుట్టలేదు.
నోట్సులో మూడు పెట్టెలు, రెండు బాణాలు.
బాణం పిల్ల నుంచి తల్లి వైపే ఎందుకు పోతుందో
అడగటానికి మొహమాటం.

పటమట నుంచి ఆటోనగర్ ఎంత దూరమని,
ఆ మధ్యాహ్నం క్యారేజీ నేనే పట్టుకెళ్లాను.
షెడ్డు ముందు అప్పుడే ఆగింది కొత్త చాసీ.
కేబిన్ లేదు, తలుపుల్లేవు.
చెక్కపీట మీద కూచుని, తలకి తువ్వాలు చుట్టుకుని
ఎక్కణ్నుంచో దాన్ని తోలుకొచ్చిన డ్రైవరు
కళ్లల్లోంచి మూడు రాష్ట్రాల దుమ్ము కడుక్కుంటున్నాడు.
ఇంజనుంది, స్టీరింగుంది, బ్రేకుంది.
ఇంకా ఏమీ కాలేదంతే.

'ఇదేమవుద్ది నాన్నా?'
'కొన్నోడి ఇష్టం. ఇసకోళ్లయితే టిప్పరు.
పాలోళ్లయితే ట్యాంకరు.
మిర్చి యార్డుకి తిప్పేవోళ్లయితే ఎత్తు పలకల బాడీ.
ఏదైనా గానీ బ్రేకు మనం చెయ్యం.
దాంతోనే వచ్చుద్ది.'
వేళ్ల మీద గోంగూర, గోళ్ల కింద ఎర్ర ఎనామిల్.
నా మూడు పెట్టెలకీ చక్రాలు మొలిచాయి.

హారనూ దాంతోనే వస్తుంది.
ఓనరు కొడుక్కి నచ్చదు,
పీకేసి ఐదు గొంతులది పెట్టిస్తాడు.
నొక్కేది అదే బొత్తాం, పలికేది వేరు.
తాళం తిప్పితే
ముందు చాసీ మేలుకుంటుంది,
ఆ తర్వాతే టిప్పరు నడుం ఎత్తుతుంది.

'మరి లోడు?' అన్నాను, పరీక్ష పెట్టినట్టు.
'లోడు లారీ అవుద్దా పిచ్చిదానా?
ఎక్కుద్ది, దిగుద్ది.'

రెండు పీరియడ్ల పాఠం
రెండు ముద్దల మధ్య అయిపోయిందని నేను పొంగిపోతుంటే
ఆయనే ఆపాడు.
'ఓసారి కంపెనీవోడు బోల్టు కన్నం రెండంగుళాలు జరిపాడు.
ఒక్క మాట చెప్పలా.
రంగులేసి సిద్ధంగా ఉన్న పదకొండు బాడీలు,
ఒక్కటీ కూచోలా.'

నోట్సులో లేదిది. అంచున అడ్డంగా రాసుకున్నాను.
బాణం సంగతీ అప్పుడే తెలిసింది:
తన మీద ఏ బాడీ కూచుంటుందో చాసీకి తెలీదు.
చాసీలో ప్రతి కన్నం
బాడీకి తెలియాలి.

ఇక మిగిలింది ప్రైవేటు అనే మాట.
తల్లిలో ఉంటుందట, పిల్లలోకీ వస్తుందట,
పిల్ల చెయ్యి పెట్టబోతే అందదట.
గిన్నెలు సర్దుతూ అడిగాను:
'నువ్వు బడెందుకు మానేశావు నాన్నా?'
షేక్ నాగుల్ మీరా లేచి కుంచె అందుకున్నాడు.
'ఆ పలక ఆరిందేమో చూడమ్మా.'
వేలికొసతో చూశాను.
ఆరలేదు.

మర్నాడు ల్యాబులో కుక్కనీ పిల్లినీ తీసేసి
లారీ పెట్టాను, దాని కింద టిప్పరు, ట్యాంకరు.
సార్ నా భుజం మీంచి వంగి చూసి
'హారన్ స్పెల్లింగు తప్పు' అన్నాడు.
లారీల వెనక నాన్న ఇరవై రెండేళ్లుగా రాస్తున్న
స్పెల్లింగే అది.
దిద్దలేదు.
రన్ అయింది.