యాభై నిమిషాలు

మా ఇంట్లో భోజనాల వేళ
రోజుకి యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది.
నిన్న పొద్దున తొమ్మిదికి తిన్నాం,
ఇవాళ పదికి పది తక్కువ.
పక్షం తిరిగేసరికి అదే ఫలహారం
రాత్రి తొమ్మిది దాటాక.

పెళ్ళైన కొత్తలో నవ్వొచ్చేది.
"మరి గోడ గడియారం ఎవరికోసం, ఎల్డన్?"
"బడికెళ్ళే పిల్లలకి," అనేవాడు బూట్లు తొడుక్కుంటూ.
"మనకి చంద్రుడున్నాడుగా."

ఫండీ అఖాతానికి చివరి మూల మాది.
నీళ్ళిక్కడ నిలువునా నడుస్తాయి.
పోటు మీద రేవుకి కట్టిన పడవ
ఆరు గంటలు గడిస్తే
నాలుగంతస్తుల కింద, ఎర్ర బురదలో
పక్కకి ఒరిగి కునుకు తీస్తుంటుంది.
కొత్తవాళ్ళు వచ్చి సముద్రమేదని అడుగుతారు.
వస్తుందిలెండి, కూర్చోండి, అంటాను.

మనవరాలు జోలీన్‌ని ఉయ్యాల్లో ఊపుతూ చెప్పాడొకసారి:
ఊపు వెనక్కొచ్చిన క్షణానే తోస్తే
బలం అక్కర్లేదే, ఎత్తుకి అదే పోతుంది.
మన అఖాతం ఒక చివరనించి ఇంకో చివరికి ఊగి రావడానికి
పన్నెండు, పదమూడు గంటలు.
చంద్రుడు తోసేదీ ఆ లెక్కనే.
అంతే, అంతకుమించి మాయ లేదు.

ప్రతి వసంతం గుంజలు పాతుతాడు,
బర్చి కొమ్మలు దడిలా అల్లుతాడు.
ప్రతి చలికాలం మంచు వచ్చి పీక్కుపోతుంది.
పాటు తీశాక దడిలో చేపలు మిగులుతాయి.
గద్దలకంటే ముందు చేరాలి,
అర్ధరాత్రి రెండైనా, చర్చిలో పాట సగంలో ఉన్నా.

ఒక వేసవిలో మనిషంత స్టర్జన్ చిక్కింది.
తడి గోనె కప్పి, తలదగ్గర చతికిలబడి,
నీళ్ళు తిరిగొచ్చేదాకా దానికి కబుర్లు చెప్పాడట.
ఆ పూట నా చౌడర్ మూడుసార్లు వేడిచేశాను.

జోలీనే మొన్న చదివి వినిపించింది:
ఈ పోట్ల రాపిడికి భూమి తిరగడం మందగిస్తోందట.
చంద్రుడు ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు
దూరం జరుగుతున్నాడట, గోళ్ళు పెరిగినంత నిదానంగా.
ఒకప్పుడు ఏడాదికి నాలుగువందల రోజులుండేవని
రాయైపోయిన పగడాల మీది గీతలు చెబుతున్నాయట.
ఎల్డన్ తన గోళ్ళకేసి చూసుకున్నాడు.
"రోజు సాగుతోందన్నమాట. సాగనీ.
నాకెలాగూ పని తెమలడం లేదు."

ఈ ఏప్రిల్లో గుండె కాస్త తడబడింది.
ట్రూరో డాక్టరమ్మ మాత్రల సీసా ఇచ్చి
రోజూ ఒకే వేళకి, అంది, మరీ మరీ అంది.
ఎల్డన్ బుద్ధిగా తలూపాడు.
గుంజలిప్పుడు జోలీన్ పాతుతోంది.
ఈయన కిటికీ దగ్గర, చేతిలో నీళ్ళ గ్లాసు,
దడి మొదటి గుంజ తల బయటపడగానే
మాత్ర నోట్లో వేసుకుంటాడు.
పొద్దున ఎనిమిదికోసారి. తెల్లారుజామున మూడుకోసారి.
అడిగితే, "ఒకే వేళకేగా వేసుకుంటున్నాను," అంటాడు.

ముప్ఫై మాత్రలు, ముప్ఫై రోజులు.
నెలాఖరున సీసా వంచితే
అరచేతిలో ఒకటి పడింది.
ఏ రోజూ మానలేదు, నేను సాక్షి.
వేళ్ళమీద మళ్ళీ మళ్ళీ లెక్కేశాను,
తేలింది, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యలేదు.
ఆ ఒక్కటీ మూత బిగించి
గోడ గడియారం వెనక పెట్టాను.