ముదిరిన బెండ

కొళత్తూరులో మేడ మీద
ఏడు పెయింటు బకెట్లు నా వ్యవసాయం.
నీళ్ల లారీ రాని రోజు
ఓనరు ఏసీ కక్కిన నీళ్లే కాలువ.

కాపు కోసం పెంచే రకం కాదు నేను.
వారానికి మూడు కాయలు, పులుసుకీ చాలవు.
అందులోనూ ఒకటి కొయ్యను.

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా అని
పెళ్లిపందిట్లో నన్ను చూసి నవ్వుతారే,
ఆ ముదరడం పూర్తిగా ముదరనిస్తాను.
పీచు పట్టి, గీతల వెంట పగిలి,
గాలికి గలగలమనేదాకా.

నిన్న సాయంత్రం కింది వాటా పొర్కొడి
బట్టలు తీస్తూ ఆగి
కాయని చెవి దగ్గర ఊపి చూసింది.
"విదైయా?"
విత్తనాలే అన్నాను.
బస్సు టికెట్లో పొట్లం కడుతుంటే
ఒకటి పిట్టగోడ పగులులోకి జారింది.

ఇద్దరమూ వెతకలేదు.