గొళ్ళెం

ఇరవైల లెక్క మా అత్త నేర్పినాది.
ఇరవై తాబేళ్ళకి ఒక సింతపిక్క.
ఏడు పిక్కలు, పైన పదమూడు.
శ్రీకూర్మం గుడి ఎనక, వల కట్టిన దొడ్డిలో
పొద్దుగూకే యేళ తోటకూర కాడలు ఇసిరి,
తొట్లో నీళ్ళు మార్సి,
నాను, తవిటమ్మని, లెక్కెడతాను.

ఆ పొద్దు పైన పన్నెండే వచ్చినాయి.

మళ్ళీ లెక్కెట్టినాను. సిమెంటు తొట్టి కింద సెయ్యెట్టి సూసినాను.
అన్నీ ఒకటేలాగుంటాయని యాత్రకొచ్చినోళ్ళు అనుకుంటారు.
లేనిది ఏదో నాకు తెలిసిపోనాది:
ఎనక కాలు ఈడ్సుకుంటా
అందరూ తినేసినాక కూరకాడికొచ్చే సిన్నది,
ఈపు మీద సుక్కలు
తెల్లారగట్ట ఆకాశంలాగ సగం సెరిగిపోయినది.

కాటుక తెచ్చి నా కాళ్ళకాడ పెట్టినాది.

కాటుకంటే నా కుక్కే.
నా సేతి చోడంబలి తాగి పెరిగినాది.
రోజూ నా ఎనకాలొచ్చి గేటు బయట తొంగుంటాది.
కోడిపిల్లని ముట్టిన కుక్క కాదు.
కొబ్బరి డొక్క నమిలినట్టు నమిలినాది,
సొంగతో తడిపినాది,
తోకాడించుకుంటా తెచ్చి ఇచ్చినాది,
మెచ్చుకోమని.

ఎంతసేపు నమిలినాదో. నాకు వినపడలేదు.
కోడైతే వీధంతా లేపేసును. మేకైతే నా పేరెట్టి ఏడుసును.
దీనికి నెప్పొస్తే తల లోపలెట్టేసుకుంటాది, అంతే.
ఆ పక్కనే కూకోని నాను కూర తరుగుతున్నాను,
పాట కూడా పాడుకున్నానేమో.

గార నుంచి పశువుల కాంపౌండరు దాలినాయుడు వచ్చినాడు.
ఉప్పునీళ్ళతో కడిగినాడు.
"పెంకంటే గోరనుకున్నావేటప్పా?
ఎముక. కింద రగతం పారతాది.
ఈగ వాలనీకు, ఇరవై రోజులు."
దోమతెర సింపి బుట్టకి కట్టినాను.
ఇరవై రోజులు ఈగలకి కాపలా కాసిన మనిషిని నాను.

బడి గుంటలు నవ్వినారు:
"కొండని మోసినాడు కదా సామి,
కుక్క పన్నుకి ఓర్సలేడేటి?"
కొండ పైనుంచి దిగుతాది, బావూ.
సదురుగా, ఈపంతా పరుసుకొని దిగుతాది.
పన్ను అంచుకాడ నుంచి వస్తాది.

కర్ర తీసినాను. అబద్ధం ఎందుకు, ఎత్తినాను కూడా.
కాటుక ఎల్లకిలా పడుకొని పొట్ట సూపించినాది.
అప్పుడు గుర్తొచ్చినాది:
రెండు సేతుల్లోనూ గంప, మడమతో తలుపు తోసినాను,
గొళ్ళెం పడిన సప్పుడు రాలేదు.
ఏటవుతాదిలే, బయటున్నది కాటుకే కదా, అనుకున్నాను.

పిచ్చికుక్క తిరుగుతున్నాదంటే ఊరంతా తలుపులేసుకుంటాది.
మంచికుక్కకి మరిసిపోతాం.

తాటిమట్టలు జానెడు లోతు పాతినాను, తవ్వకుండా.
వలకి బయటనుంచి గోనెలు కుట్టినాను,
కదిలేది కనపడితే దానికి ఆట పుడతాదని.
కాటుక మెడకి తాడు, తాడుకి కొబ్బరిమొద్దు.
పక్కింటి సూరీడమ్మ అంది, "తాబేలు కోసం కుక్కని కట్టేస్తావేటే?"
కుక్క కోసం కూడా.
ఇంకోపాలి తెచ్చిస్తే
ఎత్తిన కర్ర నాను ఆపగలనో లేదో.

ఇప్పుడు సిన్నది మళ్ళీ నడుస్తన్నాది.
అంచు మీద నాలుగు గుంటలు, సుక్కల్లో కలవని సుక్కలు.
గోనెకి ఇవతల, గోడెంబడి
కాలు ఈడ్సుకుంటా, పెంకు గీరుకుంటా పోతాది.
గోనెకి అవతల ఆ గీత సప్పుడెంట
కాటుక నడుస్తాది.
అంత మెల్లిగా నడిసిన కుక్కని నాను సూడలేదు.
ఒక అడుగు. ఆగి, సెవి ఒగ్గి, ఇంకో అడుగు.
తాడు అయిపోయిన కాడ నిలబడిపోతాది.
లోపల సప్పుడు ముందుకెళ్ళిపోతా ఉంటాది.

ఇంకో మూరెడు తాడు కడదామా అని
ఒక్కోపాలి మనసవుతాది.
కట్టను.