పెంటయ్య సారు లాగిన్

దబీర్‌పురా దర్వాజా ఇప్పటికీ నిలబడే ఉంది.
అటూ ఇటూ గోడే లేదు.
కింది నుంచి ఆటోలు పోతాయి, పెళ్లి బ్యాండు పోతుంది,
తాళం సంగతి ఎవరూ అడగరు.
నీ ఉద్యోగం ఏంట్రా అని ఇంట్లో అడిగితే
ఆ దర్వాజానే చూపిస్తాను:
పోయిన గోడను మళ్లీ కట్టే పని.
కాంట్రాక్టు మీద.

ఎక్కడో ఒక ఊళ్లో, ఒక్క రాత్రిలో,
నల్లా బిల్లులన్నిటికీ ఎవడో తాళం వేసి
తాళంచెవికి బేరం పెట్టాడట.
ఆ సర్క్యులర్ మా సర్కిల్ ఆఫీసు చేరేసరికి
జూన్ వచ్చింది, వానా వచ్చింది.

స్విచ్ పెట్టె బాత్రూమ్ పక్క గదిలో,
దాని నెత్తిన ఫినాయిల్ డబ్బా.
తీగల్ని నాకంటే ముందే ఎలుకలు తనిఖీ చేశాయి.
తెరిచి ఉన్న పోర్టులు లెక్కపెట్టాను,
పాత కోటగోడ ఖిడ్కీల్లా
ఎవరు తెరిచారో, ఎందుకు తెరిచారో:
ఒకటి చెత్తబండ్ల హాజరుకు,
ఒకటి ఎన్నడో ఆగిపోయిన పథకానికి,
ఒకటి ఊరికే.
మూసేశాను. చప్పుడు రాలేదు.
ఈ పనిలో అదొక్కటే బాధ,
తలుపు వేసినట్టు ఎవరికీ వినపడదు.

పాస్‌వర్డుల గురించి చెప్పకూడదు.
సరే, ఒక్కటి:
ఆరుగురికి చార్మినార్, ఒకటి రెండు మూడు.
ఏడో ఆయన జాగ్రత్తపరుడు,
నాలుగు కూడా పెట్టుకున్నాడు.

ఆ తర్వాత లాగ్ తెరిచాను.
శేరి పెంటయ్య, జనన మరణాల సెక్షన్.
రోజూ పదీ పదికి లోపలికి వస్తాడు.
రెండో శనివారం కూడా వచ్చాడు.
"ఎవరీయన? ఒకసారి కలుస్తా" అన్నాను.
అటెండర్ బాలనర్సు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.
"సారు పోయి రెండేండ్లాయె."

మరణ పత్రం కూడా ఈ మిషన్ నుంచే వచ్చిందట.
నంబరు వెతికాను. ఉంది.
మరణించినవారు: శేరి పెంటయ్య.
జారీ చేసినవారు: శేరి పెంటయ్య.

నవ్వొచ్చింది.
కాసేపటికి ఆగిపోయింది.

కౌసర్ మేడమ్ కళ్లజోడు తీసి
పల్లూతో తుడుస్తూ కూచుంది.
"పేరు దిద్దే హక్కు ఆయన లాగిన్‌కే ఉంది బేటా.
నాకియ్యమని మూడుసార్లు రాసిన.
కాగితం పైకి పోతది, కిందికి రాదు.
లైన్ల నిలబడ్డోళ్లకు నేనేం చెప్పాలె?"

కిటికీ అవతల సక్కుబాయి.
ఆమె కొడుకు రాథోడ్ నితిన్,
కాగితం మీద రాధోడ్ అయ్యాడు.
థ పొట్టలో చుక్క పడిపోయింది.
ఆ చుక్క కోసం మూడు బస్సులు మారి వచ్చింది,
చుక్క లేనిదే బళ్లో చేర్చుకోమన్నారు.

తెర మీద నా ముందు రెండే మాటలు:
రద్దు. వద్దు.
దొంగ వచ్చేది ఈ దారినే, నాకు తెలుసు,
పోయినవాడి చొక్కా తొడుక్కుని,
కాపలావాడు రోజూ నమస్తే పెట్టే పేరుతో.
తెలిసీ వేలు ఎత్తి పట్టుకుని ఉన్నాను.
వెనక యూపీఎస్ కూస్తోంది, కరెంటు పోయి వచ్చి.

"ముందు ఆ చుక్క పెట్టేయండి మేడమ్" అన్నాను.

పెట్టింది. ప్రింటర్ మూలిగి మూలిగి కక్కింది.
సక్కుబాయికి చదువు రాదు.
చుక్క ఏదో చూపించమంది.
చూపించాను.
దాని మీద వేలు పెట్టి, అలాగే మడత పెట్టుకుంది.

పదకొండూ నలభైకి పెంటయ్య సారును బయటికి పంపాను.
కౌసర్ మేడమ్ అర్జీ, నాలుగోది,
చొక్కా లోపల పెట్టుకుని వానలో పెద్దాఫీసుకు పోయాను.
రెండో అంతస్తులో ముద్ర వేశారు,
మూడో అంతస్తు రేపు రమ్మంది.

రేపు అయింది.
లాగ్‌లో పదీ పదికి ఒక ఎర్ర గీత:
శేరి పెంటయ్య, ప్రవేశం లేదు.
పదీ పదకొండుకి ఇంకొకటి.
అలవాటుగా ఎవరో కొట్టి ఉంటారు.
ఎవరని అడగలేదు.
కిటికీ దగ్గర లైను మెట్ల దాకా వచ్చింది,
బాలనర్సు అందరికీ ఒకటే చెబుతున్నాడు:
"సారు ఇయ్యాల రాలే."