వచ్చిన పని

పేరు రాసిండు. ఊరు రాసిండు.
పాస్‌పోర్టు నంబరు రెండుసార్లు సరిచూసి రాసిండు.
"వచ్చిన పని" అన్న గడి కాడ పెన్ను ఆగింది.
"చూడటానికి అని రాయొచ్చా?"
రాయి సార్. అందరు గదే రాస్తరు.

రాత్రి పదకొండున్నర.
హన్మకొండ చౌరస్తాల ఆఖరి బస్సు మలుపు తిరిగిన చప్పుడు.
కౌంటర్ మీద దోమలబత్తి, నా టిఫిన్ డబ్బ,
ఆయన చేతుల పచ్చరంగు గీతలు గీసిన లావు పుస్తకం.
"ఈ దేశం గురించి ముందుగాల ఏం తెలుసుకోవాలె?"

దేశమా?
పద్నాలుగేండ్ల సంది ఈ కౌంటర్ ఎనుకనే కూసున్న.
కాజీపేటల ఆగే రైళ్ల పేర్లు అడుగు, గుక్క తిప్పకుండ చెప్త.
అవి పోయే ఊర్లల్ల నేను దిగింది రెండో, మూడో.
గోడకున్న ఈ కొక్కేలల్ల
దేశానికి తాళంచెవి లేదు.

అయినా అడిగినవు గనుక చెప్త.
"గింతంత దూరమే" అంటే నమ్మకు, ఆటో మాట్లాడుకో.
దారి తెల్వకున్నా తెల్వదనరు మావోళ్లు,
అడిగినోన్ని ఉత్త చేతులతోటి పంపుడు ఎట్ల అని.
ముగ్గురిని అడుగు. ఇద్దరు ఒక్క దిక్కు చూపిస్తే నడువు.
తల ఊపుడు సంగతి నీ పుస్తకంలనే ఉంటది, ఇడిసిపెట్టు.
కానీ "చూద్దాం తియ్" అన్నరంటే
ఇగ ఆ పని కాదు.

ఎనుమాముల మార్కెట్ దిక్కు పోతే
దస్తీ తడిపి ముక్కుకు కట్టుకో.
మిర్చి బస్తాలు ఎవని పాస్‌పోర్టూ చూడవు.
ఇరవయ్యేండ్లు మోసిన హమాలీ సుత తుమ్ముతడు,
నువ్వు తుమ్మితే ఆయన నవ్వుతడు.
దర్గకు పోయినప్పుడు నెత్తి మీద గుడ్డ ఉండాలంటరు.
గా దస్తీనే సరిపోతది.
ఉతికినంకనే, సార్.

మేడారం జాతరల
"బంగారం, బంగారం" అని అరుస్తుంటే జేబు పట్టుకోకు.
అది బెల్లం.
నిలువెత్తు మనిషి తూకానికి దిగుతడు,
ఎదురు తక్కెట్ల బెల్లం దిమ్మెలు.
బెల్లమని చెప్పినా తప్పు లేదు,
గంతే, బరువు తెల్వది.

రాసుకుంటుండు. పేజీ తిప్పి మరీ రాసుకుంటుండు.
ఆగు సార్, పెన్ను పెట్టు.
ఇవన్ని నాకు పుట్టంగనే తెలుసనుకున్నవా?

మొన్న చలికాలం మా షడ్డకుని పని మీద
ఉట్నూరు అవుతల ఒక గూడేనికి పోయిన.
నా రాష్ట్రమే. బస్సుల ఆరేడు గంటలు.
వాళ్ల మాట గోండి. నాకు ఒక్క ముక్క రాదు.
గుమ్మం ముంగట ఒక అవ్వ జొన్నలు చెరుగుతుంది.
ఎండ చేటల పడి, గింజలతోని లేచి, మల్ల పడుతుంది.
మంచిగనిపించింది.
ఫోను తీసిన.

అవ్వ చేట ఎత్తి మొకానికి అడ్డం పెట్టుకుంది.
తిట్టలే. లేచి లోపటికి పోలే.
అట్లనే పట్టుకుని కూసుంది.
జొన్నలు ఒళ్లెకు, ఒళ్లెకెల్లి మట్టిలకు
జారుతనే ఉన్నయి.

ఫోను జేబుల పెట్టిన.
లేచిపోనీకి కాళ్లు రాలే. అక్కడనే కింద కూసుని
గింజలు ఏరుడు మొదలువెట్టిన.
శాన సేపటికి చేట దిగింది.
అవ్వ ఏదో అడిగింది.
పేరడిగిందనుకుని "ఓదెలు" అన్న.
ఆమె అడిగింది నీళ్లు తాగుతవా అని.
పిలగాడొకడు కడుపు పట్టుకుని నవ్వుకుంట తెలుగుల చెప్పిండు.
చెంబు తెచ్చిచ్చుకుంట అవ్వ అన్నది: "ఓదెలు."
పొద్దుగూకేదాక ఆ గూడెంల
నీళ్లకు నా పేరే.

ఆయన నవ్వలే. నోట్‌బుక్ మూసిండు.
రెండువందల ఏడు, సార్. ఫ్యాను మూడు మీదనే తిరుగుతది.
వేడినీళ్లు ఆరింటికి, ఒక్క బకెట్.
పొద్దుగాల పోయేటప్పుడు "పోత" అనకు.
"పోయొస్త" అను,
మల్ల రాకున్నా సరే.

మెట్లెక్కిండు. తలుపు చప్పుడైంది.
నేను లైటు బంద్ చేసి బల్ల మీద దుప్పటి పరిచిన.
మల్ల చెప్పుల చప్పుడు.
చీకట్ల, ఆఖరి మెట్టు మీద,
ఖాళీ సీస పట్టుకుని నిలవడ్డడు.

"ఓదెలు?" అన్నడు.

లేచి కుండ మీది మూత తీసిన.