అమాయీ

ఆదివారం రెండో ఆరాధన అయ్యాక
పులియాంతోపు తెలుగు చర్చిలో తెరమీద బొమ్మలు వేశారు.
జాంబియాలో మా భాగస్వామ్య గ్రామం,
పదకొండు నెలలు బిర్యానీ పొట్లాలమ్మి
తొమ్మిదిమందిమి వెళ్ళొచ్చిన ఊరు.
ఇదిగో మేం బడిగోడకి వేసిన ఇంద్రధనుస్సు.
ఇదిగో బెలూన్లు. ఇదిగో టూత్‌బ్రష్షులు,
పిల్లలందర్నీ ఎత్తి పట్టుకోమన్నాం.
"తబితక్కా, సాక్ష్యం చెప్పు" అన్నాడు జెకర్యా
మైకు నా గడ్డం కింద పెట్టి.

ఏం చెప్పను?

వ్యాన్ దిగగానే నాకు కనబడింది బోరింగు.
మా వీధి మలుపులో ఉందే, కుక్క పడుకునే చోట,
అదే. అదే ఇనప తల, అదే పొడుగు చెయ్యి.
మాకంటే ముందే ఎవరో మా వీధిని
అక్కడిదాకా తోలుకొచ్చినట్టు.
కాకపోతే నీళ్ళు లేవు.
నలభైసార్లు కొడితే ఒక గుక్క, అదీ తుప్పు.
"బోరింగు మన లిస్టులో లేదక్కా, గోడే ఉంది"
అన్నాడు బెన్హర్, నీలం డబ్బా మూత తీస్తూ.

నా ఈడు మనిషొకావిడ పక్కనొచ్చి నిలబడింది. ఎనెలేసి.
వంగేముందు మోకాలు పట్టుకునే తీరు కూడా నాదే.
"అమాయీ" అంది.
యాభై తొమ్మిదేళ్ళు నాకు.
మా అమ్మ పోయాక నన్నెవరూ అమ్మాయీ అనలేదు.
ఎవర్నో పిలుస్తోందని వెనక్కి తిరిగి చూశాను.
వాళ్ళ భాషలో ఆ మాటకి అమ్మ అని అర్థమట.
తర్వాత చెప్పారు.
చెప్పకుండా ఉంటే బాగుండేది.

లోపల తోలు వాషరు అరిగిపోయుంటుంది.
ఆ సంగతి నాకెలా తెలుసో మైకులో చెప్పలేదు.
కందుకూరు నుంచి మద్రాసుకి మా తాత నడిచొచ్చినప్పుడు
మూటలో ఉన్నవి ఒక ఆరె, ఒక రంపె.
నాన్న వాటిని అటక మీదికి ఎక్కించాడు.
పారెయ్యలేదు. కిందికీ దించలేదు.
మా స్కూలు కాయితాల్లో తాత వృత్తి: వ్యాపారం.

ఎనెలేసి ఎండిన మేకతోలు ముక్క తెచ్చింది.
గిన్నె బోర్లించి బొగ్గుతో గుండ్రంగా గీశాను.
గోడ గీకే బ్లేడుతో కోశాను.
చెయ్యి వణుకుతుందనుకున్నా, వణకలేదు.
రాత్రంతా వేరుశనగ నూనెలో నానింది.
తెల్లారి ఆరుగురు మగాళ్ళు గొట్టాలు పైకి లాగి
మళ్ళీ దించేసరికి ఎండెక్కింది.
పన్నెండో దెబ్బకి అడుగున ఎక్కడో దగ్గు వినబడింది,
ముసలాయన పొద్దున్నే గొంతు సవరించుకున్నట్టు.
"మాడ్జీ!" అని పిల్లలు అరిచారు.
ఆ మాటకి అర్థం ఎవర్నీ అడగలేదు.

ఆ బొమ్మ తెరమీద లేదు.
కెమెరా అప్పుడు గోడ దగ్గరుంది.

బయల్దేరేరోజు ఎనెలేసి ఏదో అడిగింది.
వాళ్ళ బడి మాస్టారు ఇంగ్లీషులో చెప్పాడు:
"మీరొచ్చారు, సంతోషం. మేమెప్పుడు రావాలి?
మీ ఊళ్ళో ఏం పాడైపోయింది?"
జెకర్యా నవ్వి, ప్రార్థన చేసుకుందాం అన్నాడు.

మైకులో నేనన్నది ఇంతే:
"అక్కడ నన్ను అమ్మాయీ అన్నారండీ."
చర్చంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. కూర్చున్నాను.

సోమవారం నాలుగ్గంటలకి నీళ్ళ లారీ రాలేదు.
వరసలో ముప్పైరెండో బిందె నాది, ఆకుపచ్చది.
కుక్కని అదిలించి బోరింగు కొట్టాను.
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.
ఒక గుక్క, అదీ తుప్పు.

ఇంటికొచ్చి స్టూలెక్కి అటక తడిమాను.
క్రిస్మస్ నక్షత్రం వెనక గుడ్డమూట.
ఆరె పిడి ఊడింది. రంపె ఉంది,
పదును పోలేదని బొటనవేలు చెప్పింది.
చీకట్లో మనవడు లేచొచ్చాడు,
అదేంటి నానమ్మా అంటూ.
పట్టుకో అన్నాను.
అటు కాదు,
పిడివైపు.